గద్య లేని గ్రంథం: అండమాన్ ఆదిమజనుల మాటలు, చిత్రాలు పరుల పాలైన చరిత్ర

ప్రాచీన తెలుగు కావ్యాలలో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్య ఉంటుంది. అందులో కవి తన పేరు, తండ్రి పేరు, బిరుదు, కృతి పేరు చెప్పుకొంటాడు. అచ్చుయంత్రం లేని కాలంలో, తాటాకుల మీద ఒకరి నుంచి మరొకరు ఎత్తి రాసుకొంటూ పోయిన గ్రంథాలకు కర్త ఎవరో తెలిపే ముద్ర అదే. పరుల రచనను తనదిగా చెప్పుకోవడం మన పూర్వులు ఎరుగని దోషం కాదు. బాణభట్టు హర్షచరిత్ర ఆరంభంలోనే కవిచోరులను అధిక్షేపించాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణాన్ని, అర్థహరణాన్ని వేరువేరుగా పరిశీలించి, ఎంతవరకు అనుసరణ, ఎక్కడి నుంచి అపహరణ అన్న విషయాన్ని విపులంగా చర్చించాడు.

ఈ సమస్య పాతదే. దాని వేగం మాత్రం కొత్తది. నేడు ఒక రచయిత నెలల తరబడి శ్రమించి అంతర్జాలంలో ప్రకటించిన వ్యాసం కొద్ది గంటలలోనే, రచయిత పేరు తొలగి, మరెవరి పుటలోనో ప్రత్యక్షమవుతున్నది. ఛాయాచిత్రాలకు, పాటలకు, కంఠస్వరాలకు కూడ ఇదే గతి పడుతున్నది. దీనికి విరుగుడుగా కాపీరైటు చట్టం ఉన్నది. కాని ఆ చట్టం ఉపయోగపడాలంటే సొంతదారుకు తన సొత్తు పోయిందని తెలియాలి. అది తనదేనని రుజువు చేసుకోగలగాలి. న్యాయస్థానం దాకా వెళ్ళగల శక్తి ఉండాలి. ఈ మూడూ లేని జనసముదాయాల మాటలను, రూపాలను ఇతరులు ఎత్తుకొనిపోయినప్పుడు ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం బంగాళాఖాతంలోని అండమాన్ ద్వీపాల చరిత్రలో లభిస్తుంది.

విన్నవారు రాసినది

క్రీ.శ. 851 నాటి ఒక అరబ్బు యాత్రావృత్తాంతంలో అండమాన్ వాసులు మనుషులను తింటారని రాసి ఉన్నది. 13వ శతాబ్దం చివరలో మార్కోపోలో ఆ ద్వీపవాసుల తలలు కుక్క తలల వలె ఉంటాయని చెప్పాడు. ఆయన ఆ తీరంలో దిగి చూసినట్టు ఆధారం లేదు. నావికుల నోట విన్నది గ్రంథానికి ఎక్కింది. ఒక గ్రంథంలోని మాటను మరొక గ్రంథకర్త ఎత్తి రాసుకోగా, ఆ అపవాదు వెయ్యేళ్ళకు పైగా బతికింది. ఎవరిని గురించి ఆ మాట చెప్పారో వారికి మాత్రం ఆ సంగతే తెలియదు.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ ద్వీపాలలో ఆంగ్లేయుల తొలి స్థావరాన్ని నెలకొల్పాడు. వాతావరణం పడక, రోగాలు ప్రబలి, 1796లో దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ మధ్యకాలంలో ద్వీపాలను చూసిన ఆర్. హెచ్. కోల్‌బ్రూక్ రాసిన వ్యాసం 1795లో ఏషియాటిక్ రిసెర్చెస్ నాలుగవ సంపుటంలో వెలువడింది. అందులో ఆదిమవాసుల మాటల పట్టిక ఒకటి ఉన్నది. లిపి లేని ఆ జనుల మాటలు పరుల అచ్చు పుస్తకంలోకి ప్రవేశించిన తొలి సందర్భాలలో అది ఒకటి.

మాటల తరువాత మనుషుల వంతు వచ్చింది. 1857 తిరుగుబాటు ఖైదీలను ఉంచడానికి అనువైన చోటు వెదుకుతూ, ఆ సంవత్సరం చివరలో డాక్టర్ ఎఫ్. జె. మౌయట్ అధ్యక్షతన ఒక సంఘం అండమాన్‌కు వచ్చింది. ఆ సంఘం వెంట ఒక ఛాయాగ్రాహకుడు కూడ ఉన్నాడు. తీరాన జరిగిన ఘర్షణలో చిక్కిన ఒక ఆదిమవాసిని వారు ఓడలో కలకత్తాకు తీసుకొనిపోయారు. అతని పేరేమిటో అడిగి తెలుసుకొనే భాష వారికి రాదు. కనుక నావికులే 'జాక్' అని పేరు పెట్టారు. కలకత్తాలో అతనికి దుస్తులు తొడిగారు, పెద్దలకు చూపించారు, ఛాయాచిత్రాలు తీశారు. అతడు జబ్బుపడగా తిరిగి తెచ్చి పట్టుకొన్న తీరానే విడిచారు. 1863లో మౌయట్ ప్రచురించిన గ్రంథంలో ఆ కథ అంతా ఉన్నది. అయితే అది మౌయట్ చెప్పిన కథ. కలకత్తా నుంచి తిరిగివచ్చిన మనిషి తనవారికి ఏమి చెప్పాడో ఏ గ్రంథంలోనూ లేదు.

1858 మార్చిలో ఖైదీల స్థావరం ఆరంభమైంది. ఆ తరువాత ద్వీపాలలో ఉద్యోగించిన అధికారులలో ఇ. హెచ్. మాన్ ఆదిమజనుల భాషను నేర్చుకొన్నాడు. 1880ల తొలి సంవత్సరాలలో ఆయన ప్రకటించిన విస్తృత పరిశీలనలో, నరమాంసభక్షణ అన్న ఆరోపణకు ఆధారమేదీ లేదని తేల్చిచెప్పాడు. కాని 1890లో వెలువడిన ఆర్థర్ కోనన్ డాయిల్ అపరాధ పరిశోధక నవలలో అండమాన్ వాసి మళ్ళీ క్రూరుడైన మరుగుజ్జుగా, నరభక్షకుల జాతివాడుగా ప్రత్యక్షమయ్యాడు. అక్కడ షెర్లాక్ హోమ్స్ ఒక గెజిటీరు పుస్తకం తీసి, ఆ వర్ణనను చదివి వినిపిస్తాడు. మాన్ పరిశోధన చదివినవారు పండితులు కొందరే. నవల చదివినవారు లక్షలమంది. ఒక అసత్యం ఎత్తిరాతల ద్వారా వ్యాపించిన తరువాత, దానిని ఖండించే సత్యం వెనుకబడక తప్పలేదు.

కొలతల తెర ముందు

ఆదిమజనుల వ్యవహారాలను 1879 నుంచి చూసిన అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్. ఆయన శ్రద్ధ గల పరిశీలకుడు. వారి భాషలను గురించి గ్రంథాలు రాశాడు. వారి సంగీతాన్ని గురించి 1888లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. 1890లలో బ్రిటిష్ మ్యూజియం కోసం వందలాది ఛాయాచిత్రాలు తీశాడు. చదరపు గళ్ళ తెర ముందు మనుషులను నిలబెట్టి, ముందు నుంచి, పక్క నుంచి చిత్రాలు తీసి, దేహాంగాల కొలతలను పట్టికలుగా రాయించాడు. మానవశాస్త్రజ్ఞులకు ఉపకరించే ఛాయాగ్రహణ విధానాన్ని వివరిస్తూ 1896లో ఒక వ్యాసం కూడ వెలువరించాడు.

ఇదే అధికారి 1880లో ఉత్తర సెంటినెల్ ద్వీపంలో దిగి, ఒక వృద్ధ దంపతుల జంటను, నలుగురు పిల్లలను పట్టుకొని పోర్ట్‌బ్లెయిర్‌కు తెచ్చాడు. (ఆ నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారింది.) వారంతా జబ్బుపడ్డారు. వృద్ధులిద్దరూ మరణించారు. పిల్లలను కానుకలతో తిరిగి పంపారు. విజ్ఞానం కోసమే చేసిన పని అని ఆనాటి వారు భావించి ఉండవచ్చు. కాని తీసుకొనడం ఒకరి వంతు, కోల్పోవడం మరొకరి వంతు అయినప్పుడు ఆ విజ్ఞానానికి మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ మూల్యం సామాన్యమైనది కాదు. స్థావరంతో పాటు వచ్చిన మేహవ్యాధి, 1877 నాటి తట్టు, ఇతర రోగాలు గ్రేట్ అండమానీ తెగలను తుడిచిపెట్టాయి. స్థావరం నెలకొన్ననాడు వేలలో ఉన్న ఆ జనసంఖ్య 1901 జనగణన నాటికి 625. 1961 నాటికి 19. మనుషులు తరిగిపోతున్న ఆ దశాబ్దాలలోనే వారి చిత్రాలు పెరుగుతూ వచ్చాయి. పోర్ట్‌మన్ 1935లో మరణించాడు. ఆయన చిత్రాలపై కాపీరైటు గడువు ఎన్నడో తీరింది. కనుక నేడు ఎవరైనా వాటిని ముద్రించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ తెర ముందు నిలబడినవారి సంతతికి చెప్పవలసిన అవసరం చట్టరీత్యా ఎవరికీ లేదు.

రహదారి పక్కన

స్వతంత్ర భారత ప్రభుత్వం ఈ విషయంలో మరొక దారి తొక్కింది. 1956లో అండమాన్ నికోబార్ ద్వీపాల ఆదిమజాతుల సంరక్షణ నిబంధనలు వెలువడ్డాయి. ఆదిమజాతుల నివాసాలను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించడానికి, బయటివారి ప్రవేశాన్ని నిషేధించడానికి ఆ నిబంధనలు అధికారమిచ్చాయి. అయినా మొదటి దశాబ్దాలలో, కానుకలతో వెళ్ళి పరిచయం చేసుకోవాలన్న ఆలోచనే ప్రబలంగా ఉండేది. 1974లో అధికారులు, మానవశాస్త్రజ్ఞులు, చలనచిత్ర బృందం కలిసి ఉత్తర సెంటినెల్ తీరానికి వెళ్ళారు. బాణాలు వచ్చాయి, చిత్రబృందంలో ఒకరి తొడలో బాణం దిగింది. తమ రూపాన్ని తీసుకొనిపోవడానికి వచ్చినవారికి ఆ ద్వీపవాసులు ఇచ్చిన సమాధానం అది. దానికి అనువాదం అవసరం లేదు.

జరావాల కథ వేరు. 'జరావా' అన్నది కూడ వారు పెట్టుకొన్న పేరు కాదు. పొరుగు తెగవారు పరాయివారిని పిలిచిన మాట అది. వారు తమను 'అంగ్' అని చెప్పుకొంటారు. వారి అడవి గుండా, దాని అంచుల వెంట అండమాన్ ట్రంక్ రోడ్డు సాగింది. 1997 అక్టోబరు నుంచి జరావాలు ఆయుధాలు లేకుండా రోడ్డు మీదికి, పొరుగు గ్రామాలకు రావడం మొదలుపెట్టారు. రెండేళ్ళలోనే తట్టు వ్యాపించింది. రక్షిత ప్రాంతంలోని రోడ్డు భాగాలను మూసివేయాలని 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా రోడ్డు మూతపడలేదు. బారతాంగ్ ద్వీపంలోని సున్నపురాతి గుహలను, బురద అగ్నిపర్వతాన్ని చూడబోయే యాత్రికుల వాహనాలు పోలీసుల తోడుతో బారులు తీరి ఆ అడవి గుండా సాగాయి. అనేకులకు గుహల కంటె దారిలో కనిపించే మనుషులే వింత అయ్యారు.

2012 జనవరిలో బ్రిటన్‌లోని ఒక వారపత్రిక ఒక దృశ్యాన్ని బయటపెట్టింది. తిండి ఆశ చూపి జరావా స్త్రీలచేత నృత్యం చేయించిన దృశ్యం అది. దేశమంతటా నిరసన వ్యక్తమైంది. అయితే ఆ నిరసనలోనే ఒక విపరీతం చోటుచేసుకొన్నది. అన్యాయాన్ని చూపడానికి పత్రికలు, టెలివిజన్ వాహినులు అదే దృశ్యాన్ని పదేపదే ప్రసారం చేశాయి. అక్కడి నుంచి అంతర్జాల పుటలు ఎత్తుకొన్నాయి. దోషాన్ని ఖండించిన ప్రతివారి చేతి మీదుగా ఆ దోషం మరొకసారి జరిగింది.

చట్టం ఎవరి పక్షాన?

అంతర్జాలంలో తన రచన చోరీ అయిన తెలుగు రచయితకు నేడు చట్టం ఒక మార్గం చూపుతున్నది. 1957 కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ, 2013 నియమావళిలోని 75వ నియమం ఇందుకు ఆధారం. హక్కుదారు తన హక్కును రుజువు చేసే వివరాలతో రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, ఆ రచనను నిలవ ఉంచిన సంస్థ, ఫిర్యాదు సరైనదని తోచినప్పుడు, 36 గంటలలోగా దానిని అందకుండా చేయాలి. 21 రోజులలోగా న్యాయస్థానం నుంచి ఉత్తర్వు తేలేకపోతే ఆ సంస్థ దానిని మళ్ళీ అందుబాటులో ఉంచవచ్చు. లోపాలున్నా ఇది ఉపయోగకరమైన మార్గమే.

జరావా స్త్రీకి ఈ మార్గం లేదు. చట్టం దృష్టిలో ఛాయాచిత్రానికి కర్త దానిని తీసిన వ్యక్తి. యాత్రికుడు తీసిన దృశ్యాన్ని మరొక అంతర్జాల పుట ఎత్తుకొంటే, నా సొత్తు పోయిందని ఫిర్యాదు చేయగలవాడు ఆ యాత్రికుడే. దృశ్యంలో కనిపించే మనిషి అందులో కర్త కాదు, భాగస్వామి కూడ కాదు. ఆడి పాడినవారికి ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో మన చట్టంలోకి వచ్చినా, హక్కును అడిగి సాధించుకోవలసినవారు అడవి దాటి న్యాయస్థానానికి రాలేరు. తమ నృత్యం ఎన్ని దేశాలు తిరిగిందో కూడ వారికి తెలియదు.

ఇతర దేశాల ఆదిమజనులు కొన్ని సందర్భాలలో కాపీరైటు చట్టంతోనే నెగ్గారు. ఆస్ట్రేలియా ఆదిమజాతి చిత్రకారుల చిత్రాలను అనుమతి లేకుండా తివాచీల మీద నేయించి అమ్మిన సంస్థపై 1994లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. పవిత్రమైన చిత్రాలు ఆ విధంగా వాడుకోబడినందువల్ల చిత్రకారులకు తమ సమాజంలో కలిగిన మనోవేదనను కూడ నష్టపరిహారంలో లెక్కించింది. కాని అక్కడ చిత్రకారులు పేరున్నవారు. ఏ చిత్రం ఎవరిదో రుజువు చేయగలిగినవారు. అండమాన్‌లో పోయినది చిత్రకారుని చిత్రం కాదు, మనిషి రూపమే.

అందువల్ల ద్వీపాల పాలనాయంత్రాంగం కాపీరైటు కంటె సంరక్షణ నిబంధనల మీదనే ఆధారపడవలసి వచ్చింది. 2012లో ఆ నిబంధనలను సవరించి, రక్షిత ప్రాంతాలలో ప్రవేశించడం, ఆదిమజనుల ఛాయాచిత్రాలు, దృశ్యాలు తీయడం వంటి చర్యలకు శిక్షలను కఠినం చేశారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆ రోడ్డుపై యాత్రికుల రాకపోకలను తాత్కాలికంగా నిలిపి, మార్చిలో ఆ ఉత్తర్వును సడలించింది. అయినా పూర్వం తీసిన దృశ్యాలు అంతర్జాలంలో మిగిలే ఉన్నాయి. 2017లో జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్ ఈ విషయాన్ని చేపట్టింది. యూట్యూబ్‌లో ఉన్న అభ్యంతరకర జరావా దృశ్యాలను తొలగించాలని, వాటిని ఎక్కించినవారిపై చర్య తీసుకోవాలని కోరుతూ కేంద్ర మంత్రిత్వశాఖల, ద్వీపాల పాలనాయంత్రాంగం దృష్టికి తీసుకొనిపోయింది. ఆ సంవత్సరమే ఆగస్టులో సుప్రీంకోర్టు ఆంతరంగికత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. అప్పటివరకు అశ్లీలత, అక్రమప్రవేశం అన్న పేర్లతో మాత్రమే చర్చించిన విషయానికి ఈ రెండు పరిణామాలు మానవగౌరవం అన్న పేరును చేర్చాయి.

తొలగింపుకు ఒక పరిమితి ఉన్నది. ఒక చోట తీసివేసిన దృశ్యం మరొక చోట మొలుస్తుంది. ఆ పుటను నడిపేవారు ఏ దేశంలో ఉన్నారో తెలియదు. రచయిత వ్యాసం విషయంలో ఇది చికాకు మాత్రమే. అసలు ప్రతి ఆయన వద్దనే ఉంటుంది, పేరు తిరిగి చేర్చవచ్చు. ఆదిమవాసి దృశ్యం విషయంలో తిరిగి చేర్చవలసిన పేరు లేదు, తిరిగి ఇవ్వదగిన వస్తువూ లేదు. కనుక ఇక్కడ అడ్డుకట్ట అంతర్జాల పుట వద్ద కాక, ఛాయాగ్రాహక యంత్రం వద్దనే పడాలి. 2025 మార్చిలో ఒక అమెరికన్ యువకుడు ఉత్తర సెంటినెల్ తీరాన దిగి, కొబ్బరికాయను, శీతలపానీయం డబ్బాను అక్కడ ఉంచి, చిత్రీకరణ జరిపి పట్టుబడిన ఉదంతం ఆ అవసరం తీరలేదని తెలుపుతున్నది.

పేరు పెట్టి దాచిన మాటలు

ఆదిమజనుల మాటలను, పాటలను బయటివారు ఎన్నడూ తాకరాదని దీని అర్థం కాదు. ఇదే ద్వీపాలలో అందుకు భిన్నమైన ఉదాహరణ కూడ ఉన్నది. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో గ్రేట్ అండమానీ జనుల మధ్య పనిచేశారు. మిగిలిన కొద్దిమంది పెద్దల వద్ద కూర్చుండి, వారు చెప్పదలచుకొన్నంత చెప్పించుకొన్నారు. వారిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు బో భాషను మాట్లాడగలిగిన చివరి వ్యక్తి. ఆ భాషలో తనకు బదులు చెప్పగలవారు లేక ఆమె పక్షులతో మాట్లాడేదని అబ్బీ రాశారు. 2004 సునామీ నుంచి బయటపడిన ఆమె 2010 జనవరి 26న మరణించింది. ఆమెతో ఆ భాష మాట్లాడేవారు లేకుండా పోయారు.

ఆమె చెప్పిన మాటలు మాత్రం పోలేదు. 2012లో గ్రేట్ అండమానీ నిఘంటువు, 2013లో వ్యాకరణం వెలువడ్డాయి. 2021లో ఆ జనుల కథలు, పాటల సంకలనం అచ్చయింది. అందులో కథ చెప్పినవారు, పాట పాడినవారు నావో జూనియర్, బోవా సీనియర్ పేర్లతోనే కనిపిస్తారు. 1795 నాటి పదాల పట్టికకు, ఈ గ్రంథాలకు మధ్య రెండు శతాబ్దాల దూరం ఉన్నది. పనిలోని భాషాశాస్త్రం పెరిగింది, నిజమే; కాని అంతకంటె ముఖ్యమైన భేదం మరొకటి. అక్కడ మాట తీసుకొన్నవారి పేరే మిగిలింది. ఇక్కడ ఇచ్చినవారి పేరు కూడ మిగిలింది.

ఈ చరిత్ర తెలుగువారికి దూరపు విషయం కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ అనేకం. ఏటా తెలుగు యాత్రికులూ బారతాంగ్ దారిన పోతూనే ఉన్నారు. ఆ దారిలో చేతి ఫోను తీయకపోవడం, చేతికి వచ్చిన దృశ్యాన్ని మరొకరికి పంపకపోవడం, పత్రికలో చిత్రం అచ్చువేసే ముందు ఇది ఎవరిది, ఎవరు ఇచ్చారు, ఏ అనుమతితో అని విచారించడం పెద్ద పనులు కావు. నరభక్షకులు అన్న వెయ్యేళ్ళ నాటి అపవాదును పాఠ్యపుస్తకంలోనో, యాత్రావ్యాసంలోనో మళ్ళీ ఎత్తి రాయకపోవడం కూడ అటువంటిదే.

తన వ్యాసం పేరు లేకుండా మరొక పుటలో కనిపించినప్పుడు రచయితకు కలిగే బాధ న్యాయమైనది. ఆ బాధ తెలిసినవారే, ఫిర్యాదు చేయలేని వారి పక్షాన ముందుగా మాట్లాడగలరు. మన కవులు ప్రతి ఆశ్వాసం చివర తమ పేరును తామే రాసుకోగలిగారు. ఆ అవకాశం లేని జనుల విషయంలో ఆ బాధ్యత ఎత్తి రాసుకొనేవారిదే: ఇచ్చినదైతే ఇచ్చినవారి పేరు రాయాలి, ఇవ్వనిదైతే అసలు ఎత్తి రాయరాదు.